ఒక్క వేలితో చూపించిన నొప్పి

సెప్టెంబర్ 3, బుధవారం

నాలుగొందల రేకులు. చిరిగినవి రెండు. ఆ రెండూ నా తప్పు కాదు, వాన గాలికి కుండ కింద మంట అటూ ఇటూ అయింది. మా కోడలు దుర్గ ఒక రేకు వెలుతురుకి పెట్టి చూసి, "ఉల్లిపొర కూడా ఇంత పల్చగా ఉండదండీ అత్తయ్యా" అంది. నిజమే. మా వీధిలో పదకొండు ఇళ్లలో పూతరేకుల కుండలు వెలుగుతాయి. పిండి అదే, కొబ్బరాకు మంట అదే. చెయ్యి వేరు. నా పుస్తకంలో నేను గొప్పలు రాసుకుంటే ఎవరికి నష్టం.

లేచేటప్పుడు మాత్రం ఎడమ వైపు కలుక్కుమంది. వయసు... కాదు. యాభై రెండు ఒక వయసా.

సెప్టెంబర్ 6, శనివారం

డ్వాక్రా మీటింగు. కార్తీకంలో రాజమండ్రిలో ఎగ్జిబిషన్ ఉందట. రెండు రోజులు జనం ముందు కుండ పెట్టి, రేకు తీసి చూపించాలి. మా ఊరి నుంచి ఒక్కరే. లీడరు మంగతాయారు గారు అందరి వైపూ చూసి చూసి, చివరికి నా దగ్గర ఆగారు.

"రత్నం గారూ, మీరేనండి. ఇంకెవరు?"

ఇంకెవరు! ఇంటికొచ్చేదాకా అదే మాట చెవుల్లో. మా అత్తగారు ఉండి వింటే బాగుండేది. పిండిలో ముంచే గుడ్డ నా చేతికివ్వడానికి ఆవిడకి మూడేళ్లు పట్టింది. అందాకా పంచదారా నెయ్యీ వేసి చుట్టడమే నా పని. "చుట్టడం ఎవరైనా చుడతారు, తియ్యడం కొందరికే వస్తుంది" అనేది.

మంగతాయారు గారు ఇంకో మాట కూడా అన్నారు. "రోజుకి ఆరు గంటలు కూర్చోవాలండి. కూర్చోగలరు కదా? ఏమైనా ఉంటే ముందే చెప్పండి, ఇంకొకర్ని చూస్తాం."

"ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది అదేనండీ" అన్నాను.

సెప్టెంబర్ 10, బుధవారం

నొప్పి ఎక్కడో ఇక్కడ రాస్తాను, ఇంకెక్కడా చెప్పను. ఎడమ పిర్ర. కూర్చుంటే పీటకి ఆనే ఎముక దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణించి పక్కకి, లోతుగా. పొడిచినట్టు కాదు. పండిన సెగ్గడ్డ మీద కూర్చున్నట్టు.

ఇంట్లో "నడుము నొప్పి" అన్నాను. పెళ్లయిన కొడుకుతో ఏ తల్లి ఆ మాట అంటుంది!

సెప్టెంబర్ 13, శనివారం

మా అబ్బాయి సతీష్ పని మానుకుని రావులపాలెం తీసుకెళ్లాడు. పెద్ద డాక్టరు గారు. మగాయన.

"ఎక్కడమ్మా నొప్పి?"
"నడుమండి."
"నడుములో ఎక్కడ?"
నా కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. చెయ్యి వెనక్కి వెళ్లింది, నడుము దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడేనండి."

నడుముకి ఎక్స్‌రే. "వయసుకి తగ్గట్టు ఉంది, భయం లేదు" అన్నారు. మాత్రలిచ్చారు, బెల్టు రాశారు. ఆయన్ని అనడానికేముంది, చూపించిన చోటు చూశారు. నా నడుము లక్షణంగా ఉందని ఫిల్ము తీయించి మరీ తెలుసుకుని వచ్చాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

బెల్టు కట్టుకుని కుండ ముందు కూర్చున్నాను. ఊపిరాడదు. మంట సెగ, చెమట, దురద. నొప్పి బెల్టుకి జానెడు కింద హాయిగా ఉంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

దుర్గ ఆయింట్‌మెంట్ రాస్తానంది. బోర్లా పడుకున్నాను. నడుమంతా రాసింది, ఓపిగ్గా, మంచి చెయ్యి. "ఇక్కడేనా అండీ?" "ఆ... అక్కడే." కొంచెం కిందకి అనలేకపోయాను. మెడ దాకా మంట పుట్టింది గానీ పుట్టాల్సిన చోట పుట్టలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఎవరి వైద్యం వాళ్లది. పక్కింటావిడ — వాతం, వంకాయ మానెయ్యండి. ఎదురింటావిడ — మంట ముందు కూర్చుంటే వేడి చెయ్యదా, మజ్జిగ తాగండి. మంగతాయారు గారు ఫోనులో — డిస్కేమోనండి, మా ఆడపడుచుకి అలాగే మొదలైంది, ఆఖరికి ఆపరేషన్ అన్నారు.

వంకాయ మానేశాను. నొప్పి మానలేదు. మజ్జిగ మాత్రం బాగుంది.

సెప్టెంబర్ 29, సోమవారం

దసరా ఆర్డర్లు. పొద్దున ఆరింటికి కూర్చుంటే పదిన్నరకి లేచాను. ఆరొందల ఇరవై. ఈ ఏడాదికి ఇదే పెద్ద సంఖ్య. రాస్తుంటేనే సంతోషంగా ఉంది, ఎడమ పక్కకి ఒరిగి కూర్చుని... కాదు, కుడి పక్కకి ఒరిగి. ఎడమ వైపు ఆనితే రాయలేను.

అక్టోబర్ 3, శుక్రవారం

లేవలేకపోయాను.

కుండ ఆర్పేసి లేవబోతే లోపల ఏదో పట్టేసింది. రెండు చేతులూ నేలకి ఆనించి, మోకాళ్ల మీదకి వచ్చి, గోడ పట్టుకుని లేచాను. దుర్గ పరుగెత్తుకొచ్చింది. "ఏం లేదు, తిమ్మిరి" అన్నాను.

తిమ్మిరి కాదు. భయం వేసింది. ఆరు వారాల్లో రాజమండ్రి. జనం ముందు ఇలా మోకాళ్ల మీద లేస్తే? అసలు కూర్చోలేకపోతే? నడుమంటే సలహా చెప్పి ఊరుకున్నారు గానీ, కూర్చోలేనని మంగతాయారు గారికి ఒక్క ఫోను చేస్తే చాలు, ఇంకొకర్ని చూస్తారు. ఆ ఇంకొకరు ఎవరో కూడా తెలుసు నాకు. ఆవిడ రేకులు అప్పడాల్లా ఉంటాయి.

చెయ్యను ఆ ఫోను.

అక్టోబర్ 8, బుధవారం

రావులపాలెంలో మేడ మీద కొత్తగా ఫిజియోథెరపీ పెట్టిన అమ్మాయి ఉందని దుర్గే చెప్పింది. స్కూటీ మీద తీసుకెళ్లింది. దుర్గని బయట బెంచీ మీద కూర్చోమన్నాను. కోడలి ముందు ఏం చెప్తాను.

ఆ అమ్మాయికి ముప్పై ఉండవు. ఎక్స్‌రే పక్కన పెట్టేసింది. "ఆంటీ, మాట వద్దు. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి."

ఒక్క వేలితో. గదిలో మేమిద్దరమే. కర్టెన్ వేసి ఉంది. చూపించాను.

"ఇది నడుము కాదు కదండీ" అంది, నవ్వకుండా. "చాలామంది ఇలాగే అంటారు. నడుమని, తొడని. అందరిదీ ఒకటే సిగ్గు."

నా ముఖం మండిపోయింది. ఆ తర్వాత గుండె మీంచి బస్తా దించినట్టు అయింది.

పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తింది — కాల్లోకి జువ్వుమంటోందా? లేదు. కాలు మడిచి రెండో మోకాలి మీద వేసి నొక్కింది — లోతుగా లాగింది. మునివేళ్ల మీద, మడమల మీద నడిపించింది. నడిచాను, బాగానే. కూర్చునే ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది... అమ్మో. అదే. అక్కడే.

ఆ తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. పిర్రలో నొప్పికి కారణం ఒకటి కాదట. నడుములో నరం నలిగితే నొప్పి అక్కడికి వస్తుంది, కాల్లోకి పాకుతుంది, దగ్గితే పెరుగుతుంది. తుంటి కీలు అరిగితే గజ్జల్లో కూడా తెలుస్తుంది. వెన్నుపూస చివర ఎముక, తుంటి ఎముక కలిసే చోట కీలు ఇంకోటి ఉంది, దాని నొప్పి ఇంకో రకం. పిర్ర లోపల కండ బిగుసుకుపోవచ్చు. కూర్చునే ఎముక దగ్గర మెత్తలా ఉండే సంచి నలిగి వాచిపోవచ్చు. "మీకు ఈ చివరి రెండూ అనిపిస్తోందండి. కానీ ఎందుకొచ్చిందో మీరే చెప్పాలి. వారం పాటు రాయండి. ఎప్పుడొస్తోంది, ఎప్పుడు రావట్లేదు."

రాయడమా! నాకా చెప్తావమ్మా.

అక్టోబర్ 9

దగ్గాను, కావాలని, నాలుగుసార్లు. నొప్పి లేదు.
మేడ మెట్లు ఎక్కాను. లేదు.
కుండ ముందు — ఇరవై నిమిషాలకి మొదలు.

అక్టోబర్ 10

రాత్రి పడుకుంటే లేదు. ఎడమ వైపు తిరిగి పడుకుంటే కొంచెం.
కుండ ముందు — మళ్లీ ఇరవై నిమిషాలకే. గడియారం పెట్టుకుని చూశాను.

అక్టోబర్ 12, ఆదివారం

రామాలయంలో భజన. రెండు గంటలు నేల మీద బాసింపట్టు. వచ్చే నొప్పి ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని దాని కోసమే కాచుకుని కూర్చున్నాను. భజనలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. రాలేదు!

అంటే కూర్చోవడం కాదు కారణం. నేల మీద కూర్చోవడమూ కాదు. *అక్కడ* కూర్చోవడం.

అక్టోబర్ 13

పీట మార్చాను. దుర్గ పీట మీద నేను, నా పీట మీద దుర్గ. నొప్పి వచ్చింది. పీట నిర్దోషి.

అక్టోబర్ 15, బుధవారం

దొరికింది.

ఎవరూ చెప్పలేదు. నేనే పట్టాను.

పిండి గిన్నె అంచు తగిలి కాస్త ఒలికింది. తుడవబోయి చూస్తే — నా కుడి వైపున ఒలికిన పిండి నా పీట కిందుగా పాకి ఎడమ వైపు తూము దాకా వెళ్తోంది. చూస్తూ ఉండిపోయాను. పీట మీద గాజు గ్లాసు పెట్టి నిండా నీళ్లు పోశాను. ఎడమ అంచున నీళ్లు పొంగి కారాయి. కుడి అంచున ఇంకా గోరంత ఖాళీ.

పీట ఎడమకి వాలి ఉంది. నేను ముప్పై ఏళ్లుగా కుండ ముందు కూర్చుంటున్నాను గానీ, ఈ గచ్చు మీద ఏడు నెలలే. ఏడు నెలలుగా నా బరువంతా ఎడమ ఎముక మీద. పైగా తీసిన రేకు ఎడమ పక్కనే పెడతాను. రోజుకి నాలుగొందల సార్లు అటే ఒరగడం.

ఇక్కడి దాకా గొప్పగానే ఉంది. ఇప్పుడు రాసేది మాత్రం సతీష్ చదవకూడదు.

మార్చిలో వంటపాక గచ్చు చేయించినప్పుడు మేస్త్రి పెట్టిన వాలు చాలదన్నది నేనే. "చుక్క నీరు నిలవకూడదు, ఇంకా పెట్టు" అని దగ్గరుండి పెట్టించాను. సతీష్ "అమ్మా, ఇంత వాలు వద్దు, బిందె కూడా నిలబడదు" అంటే, "కడుక్కునేది నువ్వా నేనా" అన్నాను. ఊరంతా తిప్పి చూపించాను, మా గచ్చు మీద నీళ్లు ఎలా జారిపోతాయో. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత.

ఒక్కదాన్నే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను.

అక్టోబర్ 16

"పీట కుంటుతోంది రా, ఎడమ కాళ్ల కింద చెక్క ముక్కలు కొట్టు" అన్నాను. కొట్టాడు. గ్లాసు పెట్టి చూశాను. నీళ్లు సమంగా నిలిచాయి.

సతీష్ గచ్చు వైపు చూశాడు. నా వైపు చూశాడు. సుత్తి పట్టుకుని వెళ్లిపోయాడు. మంచి పిల్లాడు.

అక్టోబర్ 18, శనివారం

ఫిజియోథెరపీ డాక్టరమ్మకి నా రాతలు చదివి వినిపించాను. దుర్గ బయటే ఉంది, ఆ గచ్చు సంగతి దానికెందుకు. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. "ఆంటీ, మీరే కనిపెట్టేశారు కదండీ! నాకు ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు."

చదువుకున్నది పదో తరగతి. అయినా పిండి జారు చూసి రేకు ఎలా వస్తుందో చెప్పగల దాన్ని, నా ఒళ్లు నేను చూసుకోలేనా.

అయితే నా ఉత్సాహం మీద కొంచెం నీళ్లు కూడా చల్లింది. గచ్చు ఒక్కటే కాదట. నాలుగు గంటలు లేవకుండా కూర్చుంటే సమంగా ఉన్న పీట మీదైనా ఆ సంచి నలుగుతుంది, ఆ కండ బిగుస్తుంది. యాభై రేకులకోసారి లేవాలి. పీట మీద మెత్త వెయ్యాలి. వెల్లకిలా పడుకుని, కాలు మీద కాలు వేసి, మోకాలు గుండెకి లాక్కోవాలి, పొద్దునా సాయంత్రం.

ఇంకో మాట గట్టిగా చెప్పింది. పాదం పట్టు తప్పినా, కూర్చునే చోటంతా మొద్దుబారినా, ఒంటికీ రెంటికీ తెలియకుండా పోయినా, జ్వరంతో నొప్పి వచ్చినా — తన దగ్గరికి కాదు, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలట. ఇది రాసి పెట్టుకున్నాను.

యాభైకోసారి లేవడం... మా అత్తగారు చూస్తే ఏమనేదో. లేస్తే కుండ వేడి మారుతుంది అనేది. ఆవిడ ఆఖరి పదేళ్లు కర్ర పట్టుకునే నడిచింది. ఎందుకో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అక్టోబర్ 27, సోమవారం

దీపావళి ఆర్డర్లు అయ్యాయి. యాభైకోసారి లేచాను. చిరిగినవి రోజుకి ఏడెనిమిది, లేచి కూర్చున్నాక మొదటి రేకే చిరుగుతుంది. పరువు తక్కువే. నొప్పి సగం.

నేను కాలు మీద కాలు వేసి లాక్కుంటుంటే మనవరాలు పక్కన పడుకుని అదే చేస్తోంది. అడ్డంగా దొర్లుతోంది.

నవంబర్ 3, సోమవారం

లేచి కూర్చున్నాక మొదటి రేకు తీసే ముందు కుండ మీద తడి గుడ్డ ఒకసారి తుడిస్తే చిరగట్లేదు. ఇది కూడా నేనే పట్టాను. మా అత్తగారికి తెలియనిది ఒకటి నాకు తెలుసు ఇప్పుడు.

నవంబర్ 10, సోమవారం

గంటన్నర పనికి గోరంత నొప్పి. మంగతాయారు గారు ఫోను చేసి "నడుము ఎలా ఉందండీ?" అన్నారు. "నడుముకేమండీ, నిక్షేపంలా ఉంది" అన్నాను. అబద్ధం కాదుగా.

నవంబర్ 15, శనివారం

రాజమండ్రి. కూర్చోగానే మొదట చూసింది నేల. గ్లాసు తీసుకెళ్లాను. నీళ్లు పోసి, పీట సర్ది, అప్పుడు కుండ వెలిగించాను. మంగతాయారు గారు ఇదేదో పూజ అనుకున్నారు.

జనం... జనం! గుడ్డ కుండ మీద అలా లాగి తీసేసరికి పొర లేస్తుంది కదా, చూసిన ప్రతివాళ్లూ "అయ్యో" అంటారు, పోయిందేమో అన్నట్టు. పోదు. నా చేతిలో పోదు. దుర్గ పక్కన కూర్చుని చుడుతూనే ఉంది, తలెత్తకుండా. సాయంత్రానికి చుట్టినవి చుట్టినట్టు అయిపోయాయి.

యాభైకోసారి లేచాను. మొదటిసారి లేస్తే "అలిసిపోయారా అమ్మా" అన్నారెవరో. "లేదండీ, పద్ధతి" అన్నాను.

నవంబర్ 16, ఆదివారం

ఈ రోజు గురించి ఎంత రాసినా తక్కువే.

మధ్యాహ్నం ఒక టీచరు గారు, తణుకు నుంచట, చాలాసేపు నిలబడి చూశారు. "ఇంతసేపు కూర్చుంటారు, ఏమీ నొప్పి రాదా అండీ?" అన్నారు. మంగతాయారు గారు నా తరఫున చెప్పబోయారు — "అలవాటండి వీళ్లకి..."

నాకెక్కడి నుంచి వచ్చిందో ధైర్యం. "వస్తుందండీ. పిర్రలో" అన్నాను.

మంగతాయారు గారి ముఖం చూడాలి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు. గుడ్డ పిండిలో ముంచుతూనే అంతా చెప్పాను — నడుమని అబద్ధం చెప్పడం, బెల్టు, వంకాయ, గ్లాసు, గచ్చు. నా గచ్చు సంగతి కూడా, సిగ్గు లేకుండా. "నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పకపోతే మందు ఇంకెక్కడికో పోతుందండీ" అన్నాను. నవ్విన వాళ్లే వింటూ నిలబడిపోయారు.

ఆ తర్వాత ముగ్గురు ఆడవాళ్లు రేకులు కొనే వంకతో దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. ఒకావిడ నరసాపురంలో లేసు అల్లుతుందట, నేల మీద కూర్చునే. "మీరు చెప్పేదాకా నాకొక్కదానికే అనుకున్నానండి" అంది. డాక్టరమ్మ ఫోను నంబరు ఇచ్చాను.

వచ్చేటప్పుడు ఆటోలో మంగతాయారు గారు, "ఎంత మాట అనేశారండీ రత్నం గారూ" అన్నారు. దిగేటప్పుడు మాత్రం, "వచ్చే ఏడు కూడా మీరే రావాలండి" అన్నారు.

నా అంత మనిషి లేదనిపించింది ఈ రోజు. అలాగే రాస్తున్నాను.

నవంబర్ 17, సోమవారం

కుండ వెలిగించలేదు. దుర్గ బట్టలు ఆరేస్తోంది. నా వైపు చూడకుండానే, "అత్తయ్యా, అంతమందిలో ఆ మాట ఎలా అనగలిగారండీ?" అంది.

"నోటితో" అన్నాను. నవ్వుతుందనుకున్నాను.

నవ్వలేదు. తీగ మీద చీర అంచు సరిచేస్తూ, "నాకూ అక్కడేనండి" అంది.

లోపలికి తీసుకెళ్లి తలుపు వేశాను. డాక్టరమ్మ అడిగినట్టే అడిగాను. చూపించింది. నా చోటు కాదు. ఇంకా పైన, నడుము అయిపోయి పిర్ర మొదలయ్యే దగ్గర, ఒక పక్క. కూర్చుంటే వస్తుందా? అంతగా రాదండి. పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే. మెట్లెక్కితే. లంగా తొడుక్కుంటూ ఒంటికాలి మీద నిలబడితే.

నాకు లేనివన్నీ ఉన్నాయి. నాకున్నది లేదు. చెక్క ముక్క కొడితే పోయేది కాదు. రెండు ఎముకలు కలిసే చోట కీలు సంగతి ఏదో చెప్పింది ఆ అమ్మాయి, అదేనేమో... తెలియదు. నాకు తెలిసింది నా నొప్పి ఒక్కటే.

"ఎన్నాళ్ల నుంచే?"

"పాప పుట్టినప్పటి నుంచండి."

పాపకి నాలుగేళ్లు.

"ఎవరికీ చెప్పలేదా?"

"మీకే చెప్పానండి ఒకసారి. నడుమని."

గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నేనేమన్నానని అడిగాను. చెప్పనంది. మళ్లీ అడిగాను.

"'మేం కనలేదా పిల్లల్ని' అన్నారండి."

కోపంగా అనలేదు. అందుకే నేను తలెత్తలేకపోయాను. పొరలో వెంట్రుకవాసి చిరుగు కనిపెడతానని ఇన్ని పేజీలు రాసుకున్నాను. ఈ పిల్ల నాలుగేళ్లుగా నా మోచేతికి తగిలేంత దగ్గర్లో కూర్చుని చుడుతోంది.

ఫోను చేశాను. డాక్టరమ్మ బుధవారం రమ్మంది.

"బుధవారం పెళ్లివారి ఆర్డరు ఉంది కదండీ. ఎవరు చుడతారు?" అంది దుర్గ.

"నేను చుడతాను" అన్నాను. గుడ్డ చేతికొచ్చాక నేను మళ్లీ చుట్టింది లేదు.

నా ముఖంలోకి చూసింది. నమ్మినట్టు లేదు.